గోడ మీది తులిప్‌ని పళ్ళెంలోకి దించడం: ఇస్తాంబుల్‌లో నా అనుభవం

మా హాల్లో గోడకి ఒక పళ్ళెం వేలాడుతూ ఉంటుంది. తెల్లటి అడుగురంగు మీద నీలం, ఎరుపు, ఆకుపచ్చ పూలు. ఇంటికొచ్చినవాళ్ళు ముందు "ఎక్కడ కొన్నారండీ?" అంటారు. నేనే వేశానని చెప్తే కాసేపు దాని వైపే చూసి, "మరి ఇందులో తినొచ్చా?" అని అడుగుతారు. రెండో ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను.

మావారి ఉద్యోగం వల్ల ఇస్తాంబుల్‌లో రెండేళ్ళున్నాం. ఆసియా వైపు, ఉస్కుదార్‌లో ఇల్లు. వెళ్ళిన కొత్తలో ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయల కోసం ఫెర్రీ ఎక్కి ఎమినోను బజారుకి వెళ్ళేదాన్ని. అలా వెళ్ళినప్పుడు ఒకసారి, దుకాణాల మధ్య చిన్న తలుపు, లోపల చీకటి మెట్లు కనిపించాయి. జనం ఎక్కుతున్నారు కదా అని నేనూ ఎక్కాను. పైన ఒక వసారా, దాని వెనక మసీదు. రుస్తెమ్ పాషా మసీదు అది. 1560ల మొదట్లో సినాన్ అనే గొప్ప వాస్తుశిల్పి కట్టాడు. కింద ఉన్న దుకాణాల అద్దెతో పైన మసీదు ఖర్చులు నడిచేలా ఏర్పాటు.

తలకి చున్నీ కప్పుకుని లోపలికి వెళ్ళాను. గోడలు, స్తంభాలు, మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గోడగూడు), ఎక్కడ చూసినా పూల పలకలే. మన దగ్గర బాత్రూముకీ వంటింటికీ వేసే టైల్స్ తప్ప నాకు వేరే టైల్స్ తెలియవు. ఇవి అలా లేవు. తులిప్‌లు మనం ఫొటోల్లో చూసే కప్పులాంటి తులిప్‌లు కావు. సన్నగా, కోలగా, రేకుల కొసలు సూదిమొనల్లా సాగి ఉన్నాయి. పక్కన రంపం పళ్ళలా అంచులున్న కార్నేషన్లు, విచ్చిన గులాబీలు, చిన్న చిన్న గంటలు గుత్తి కట్టినట్టు హయసింత్‌లు. గోడకి చెంప ఆనించేంత దగ్గరగా నిలబడి పక్కనుంచి చూస్తే, నీలం, ఆకుపచ్చ నున్నగా పలక లోపల ఉన్నాయి, ఎరుపు ఒక్కటే పైకి ఉబ్బి ఉంది. గోరింటాకు ఎండిపోయాక, గీకేయకముందు, చేతి మీద లేచి నిలబడుతుంది చూడండి, సరిగ్గా అలా. ఆ ఎరుపు చూసిన రోజే దీన్ని నేర్చుకోవాలనిపించింది.

వస్తూ వస్తూ బజార్లో ఒక చిన్న పళ్ళెం కొన్నాను. చేత్తో వేసిందే అన్నాడు అమ్మినాయన. ఇంటికొచ్చి వెలుతురులో చూస్తే అంచు దగ్గర కాగితం అతుకులా గీత. ఒకవైపు తులిప్ తల అంచుకి తెగిపోయింది, అవతలివైపు దాని కాడ ఒక్కటే మొదలవుతోంది. గోడ పలక బొమ్మని తీసుకుని, బిస్కెట్ కోసినట్టు గుండ్రంగా కోసి అంటించారు. అప్పుడు డబ్బులు పోయాయని బాధపడ్డాను కానీ, తర్వాత నేర్చుకున్న అసలు పాఠం ఆ పళ్ళెంలోనే ఉంది.

పొరుగింటావిడ సాయంతో మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. నేర్పే ఆవిడకి అరవై దాటాయి, కుతాహ్యా అనే ఊళ్ళో పుట్టి పెరిగారట. అందరం "హోజామ్" అనేవాళ్ళం, మా గురువుగారూ అని. ఆవిడ నన్ను "కిజమ్" అని పిలిచేవారు, అమ్మాయ్ అన్నట్టు. నా టర్కిష్ అంతంతమాత్రం, ఆవిడకి ఇంగ్లిష్ రాదు. చేతులు చూసి చేతులతో నేర్చుకున్నాను.

ఈ పనిని అక్కడ "చీని" అంటారు. చైనాది అని అర్థం. ఆ మాట వినగానే మా అనంతపురం స్నేహితురాలి చీనీకాయలు గుర్తొచ్చాయి. అప్పట్లో అక్కడ ఏలిన ఒట్టోమన్ సుల్తానులకి చైనా నీలం-తెలుపు పింగాణీ అంటే ప్రాణం. ఇస్తాంబుల్‌కి ఆగ్నేయంగా, సరస్సు ఒడ్డున ఉన్న ఇజ్నిక్ అనే ఊళ్ళో కుమ్మరులు అలాంటివి చేయబోయారు. కానీ ఆ పింగాణీ మట్టి వాళ్ళకి లేదు. తెల్లటి క్వార్ట్జ్ రాయిని పొడి చేసి, గాజు పొడి, కొంచెం తెల్లమట్టి కలిపి ముద్ద చేశారు. దానికి జిగురు తక్కువ, సారె మీద మామూలు మట్టిలా సాగదు. అయినా దానితోనే 16వ శతాబ్దంలో ప్రపంచం ఇప్పటికీ మ్యూజియాల్లో దాచుకునే పళ్ళేలు, పలకలు చేశారు. మొదట నీలం ఒక్కటే వేసేవాళ్ళు, తర్వాత ఫిరోజా, అంటే ఆకుపచ్చ కలిసిన లేతనీలం, ఆ తర్వాత ఊదా, బూడిద కలిసిన ఆకుపచ్చ వచ్చాయి. ఎరుపు 1550లలో వచ్చింది. 1557లో పూర్తయిన సులేమానియే మసీదు పలకల్లో ఆ ఎరుపు ఉంది. ఈ నాలుగు పూల పద్ధతిని దర్బారు చిత్రకారుల పెద్ద కారా మెమి తెచ్చాడని చెప్తారు. పుస్తకాల అంచుల మీద వేసే పూలు పలకల మీదకీ, పళ్ళేల మీదకీ నడిచి వచ్చాయి.

మొదటి మూడు వారాలు నా చేతికి పళ్ళెం ఇవ్వలేదు. పగిలిన పలక ముక్క మీద గీతలే. నల్లరంగుతో బయటి గీత గీయడాన్ని "తహ్రిర్" అంటారు. కుంచె వెంట్రుకలు పొడవుగా ఉంటాయి, కొసకి వచ్చేసరికి ఒకటి రెండే మిగులుతాయి. ఒకసారి కాల్చిన పలక, అక్కడ దాన్ని కూడా "బిస్కువి" అనే అంటారు, నీళ్ళని బ్లాటింగ్ పేపర్‌లా పీల్చేస్తుంది. కుంచె ఆగితే అక్కడ బొట్టు పడుతుంది, తొందరపడితే గీత తెగిపోతుంది. ఊపిరి బిగపట్టి గీస్తుంటే ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి "యవాష్, యవాష్" అనేవారు, నెమ్మదిగా, నెమ్మదిగా అని. రెండో వారంలో ఒక సంగతి తట్టింది. మా అమ్మ ముగ్గు వేసేటప్పుడు వేళ్ళు కదలవు. మణికట్టు కూడా పెద్దగా కదలదు. మోచెయ్యి, భుజం కలిసి కదులుతాయి, పిండి దానంతటది జారుతుంది. అలా చేసి చూశాను. ఆ రోజు మొదటిసారి కాడ ఒకటి చివరిదాకా తెగకుండా వచ్చింది. హోజామ్ ఏమీ అనలేదు, ఇంకో పలక ముక్క తెచ్చి ముందు పెట్టారు.

తర్వాత డిజైన్. ముప్పై సెంటీమీటర్ల పళ్ళెం ఇస్తానన్నారు, ఏం వేస్తావో కాగితం మీద గీసి తెమ్మన్నారు. నేను రుస్తెమ్ పాషా మసీదుకి మళ్ళీ వెళ్ళి, నాకు బాగా నచ్చిన పలకని ఫొటో తీసి, దాన్ని శ్రద్ధగా ట్రేస్ చేసి, చుట్టూ వృత్తం గీసి పట్టుకెళ్ళాను. ఆవిడ కాగితాన్ని ఒకసారి అటు తిప్పారు, ఒకసారి ఇటు తిప్పారు. నా వైపు చూసి అడిగారు:

"కోకు నెరెదె, కిజమ్?"

వేరు ఎక్కడుందమ్మా, అని. నాకు అర్థం కాలేదు. అప్పుడావిడ అల్మరాలోంచి ఒక పెద్ద పుస్తకం తీసి పాత ఇజ్నిక్ పళ్ళేల ఫొటోలు చూపించారు. ఒకటి, రెండు, పది. దాదాపు ప్రతిదాంట్లోనూ కింద ఒక చిన్న ఆకుల కుచ్చు, అందులోంచి కాడలన్నీ పుట్టి పైకి విసనకర్రలా విచ్చుకున్నాయి. ఒక తులిప్ అంచు దాకా వెళ్ళి, చోటు అయిపోయిందని తెలిసి, మెడ వంచుకుంది. ఒక కార్నేషన్ కాడ విరిగి కిందికి వాలింది, విరిగిన చోట కూడా గీత అందంగానే ఉంది. ఇంకోదాంట్లో పొడవాటి ఆకు ఒకటి మిగతా పూలన్నిటినీ దాటి అడ్డంగా వంగింది.

అప్పుడు బుర్రకెక్కింది. గోడ మీది పలకకి అంతం లేదు. ఒక పలకలో మొదలైన తీగ పక్క పలకలోకి వెళ్తుంది, అక్కడినుంచి ఇంకో పలకలోకి. గోడ ఉన్నంతమేరా అది సాగుతుంది, అందుకే దానికి వేరు చూపించనక్కర్లేదు. పళ్ళెం అలా కాదు. అది గుండ్రంగా ముగిసిపోతుంది. అందులో పువ్వు ఎక్కడినుంచి పుట్టిందో, ఎక్కడికి వెళ్ళి ఆగిందో కనిపించాలి. నేను బజార్లో కొన్న పళ్ళెంలో తప్పు అచ్చు వేయడంలో లేదు. యంత్రంతో అచ్చు వేసినా వేరు పెట్టి గీసి వేయొచ్చు. గోడ కోసం పుట్టిన బొమ్మని పళ్ళెం కోసం మళ్ళీ పుట్టించకుండా కోసేశారు, అదీ తప్పు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో "టైల్ డిజైన్ డిన్నర్ సెట్" అని కనిపించేవాటిని నేను ఇదే చూస్తాను. అంచు దగ్గర పువ్వు తెగిందా, వంగిందా అని.

నాలుగుసార్లు గీశాను. ఐదోది ఒప్పుకున్నారు. కింద ఏడు ఆకుల కుచ్చు, రెండు తులిప్‌లు, మూడు కార్నేషన్లు, ఒక గులాబీ, పక్కనుంచి ఒక హయసింత్ రెమ్మ.

ఆ తర్వాతి పని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అది నాకు తెలిసిన పనే. ట్రేసింగ్ పేపర్ మీద గీత పొడవునా సూదితో దగ్గరదగ్గరగా గుచ్చాలి. తర్వాత కాగితాన్ని పళ్ళెం మీద పరిచి, బొగ్గుపొడి మూటకట్టిన గుడ్డతో అద్దాలి. కాగితం తీస్తే చుక్కలు చుక్కలుగా బొమ్మ కింద దిగి ఉంటుంది. మన మగ్గం వర్క్ వాళ్ళు జాకెట్ మీద డిజైన్ దించేది ఇలాగే కదా! వాళ్ళు తెల్లపొడిని కిరసనాయిల్లో కలిపి రుద్దుతారు, ఇక్కడ పొడి బొగ్గు, అంతే తేడా. తెనాలిలో మా పిన్ని కూతురు ఈ పని చేస్తుంది. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే సూదిపోట్లు నా చేతే పొడిపించేది. ఆ సంగతి సైగలతో హోజామ్‌కి చెప్తే, మిగతా వాళ్ళందరినీ పిలిచి మళ్ళీ చెప్పించారు.

తహ్రిర్‌కి మూడు వారాలు. వారానికి రెండు రోజులు, రోజుకి మూడు గంటలు. తప్పు గీత పడితే బ్లేడుతో సన్నగా గీకి తీసేయొచ్చు, కానీ గీకిన చోట రంగు వేరేలా పీలుస్తుంది. అంచు చుట్టూ గీతకి పళ్ళేన్ని చిన్న తిరుగుడు పీట మీద పెట్టి, కుంచెని కదపకుండా పట్టుకుని, పీటని తిప్పాలి. అప్పుడు కుంచె కదలదు, పళ్ళెమే గీసుకుంటుంది. ఆ ఒక్క నిమిషానికి నాకున్నంత టెన్షన్ ఇంకెప్పుడూ లేదు.

రంగులు నింపడం సులువనుకున్నాను. నీలానికి కోబాల్టు, ఫిరోజాకి రాగి. ఎరుపు మట్టిరంగు, ఇనుము ఉన్న మట్టి. నీలం నీళ్ళగా వేసినా వస్తుంది. ఎరుపు అలా కాదు, పొర మీద పొర వేసి దట్టంగా నిలబెట్టాలి, పల్చగా వేస్తే కాలేటప్పుడు మట్టిరంగులోకి దిగిపోతుంది. ఆవిడ చెప్పారు. విన్నాను. కానీ చేతికి వచ్చేసరికి, ఎక్కువైతే పాడవుతుందేమోనని భయపడి రెండు పొరలతో ఆపేశాను.

చివరగా గ్లేజు, అంటే పైన వేసే గాజుపూత. టర్కిష్‌లో దాన్ని "సిర్" అంటారు. అదే మాటకి రహస్యం అని కూడా అర్థం ఉంది. ఎందుకు గుర్తుండిపోయిందంటే, పాలలాంటి ఆ ద్రవంలో పళ్ళేన్ని ముంచి తీయగానే బొమ్మంతా మాయమైపోయింది. వారాల తరబడి గీసిన గీత ఒక్కటి కూడా కనిపించదు. సున్నం కొట్టిన గోడలా తెల్లగా అయిపోయింది. నాకు గుండె జారినట్టయింది. ఆవిడ మాత్రం తడి స్పాంజితో పళ్ళెం అడుగున ఉన్న చుట్టుని శుభ్రంగా తుడిచారు, లేకపోతే బట్టీ అరకి అతుక్కుపోతుందని. కరెంటు బట్టీ 900 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి తెల్లపొర కరిగి గాజవుతుంది, కింద ఉన్నది కనిపిస్తుంది. చల్లారేదాకా తలుపు తీయకూడదు, తీస్తే పగుళ్ళు.

మర్నాడు మధ్యాహ్నం తీశారు. నీలం అద్భుతంగా వచ్చింది, ఇంత లోతైన నీలం నా చేతినుంచి వచ్చిందా అనిపించింది. ఆకులు బాగున్నాయి. కార్నేషన్ల ఎరుపు మాత్రం ఇటుక రంగు కూడా కాదు, పాత మరకలా గోధుమరంగులో ఉంది. అంచు దగ్గర ఒకచోట గ్లేజు అసలు పట్టలేదు. కోలగా, బొటనవేలి ముద్రంత, గరుకుగా. చూడగానే అర్థమైంది. ముందు రోజు తలకి కొబ్బరినూనె పెట్టుకుని వెళ్ళాను. ముంచేటప్పుడు అక్కడే పట్టుకున్నాను. నూనె ఉన్నచోట గ్లేజు నిలవదు. ఇంటికెళ్ళి ఏడ్చాను. మూడు రోజులు వర్క్‌షాపుకి వెళ్ళలేదు.

నాలుగో రోజు వెళ్తే నా బల్ల మీద కొత్త బిస్కువి పళ్ళెం, నా పాత సూదిపోట్ల కాగితం పెట్టి ఉన్నాయి. కాగితం ఒకటి ఉంటే బొమ్మ ఎన్నిసార్లయినా దిగుతుంది కదా. ఈసారి ఎరుపు ఐదు పొరలు. వర్క్‌షాపుకి వెళ్ళే రోజు తలకి నూనె లేదు. రెండోది ఆరు వారాల్లో అయింది. బట్టీలోంచి తీయగానే ఎరుపు మీద వేలితో రాశాను, గట్టు తగిలింది. "ఎలినిజె సాల్‌క్" అన్నారు హోజామ్. మీ చేతులు చల్లగా ఉండాలి అన్నట్టు. వంట చేసినవాళ్ళకీ, బట్ట కుట్టినవాళ్ళకీ కూడా అక్కడ ఆ మాటే అంటారు. ఇప్పుడు మా గోడ మీద ఉన్నది ఆ రెండోదే.

తిరిగి వచ్చేముందు ఒకసారి ఇజ్నిక్ చూసి రావాలనుకున్నాను. ఫెర్రీలో యలోవా, అక్కడినుంచి బస్సు. పాత కోటగోడల మధ్య ఆలివ్ చెట్లతో ఉన్న ప్రశాంతమైన ఊరు. పాత బట్టీలు తవ్వి తీసిన చోటు ఊరి మధ్యలోనే ఉంది. ఒకప్పుడు అక్కడ పొగ ఆగేది కాదేమో. 1617లో పూర్తయిన సుల్తాన్ అహ్మద్ మసీదుకి, మనం బ్లూ మాస్క్ అనేదానికి, ఇరవై వేలకి పైగా పలకలు కావాల్సివచ్చాయి. ధర దర్బారు నిర్ణయించేది. సరుకుల ఖరీదు పెరిగినా పలక ధర పెరగలేదు. అదే కాలంలో ఆ గొప్ప ఎరుపు గోధుమరంగులోకి దిగిపోయింది, నా మొదటి పళ్ళెంలో లాగే. 1648లో ఆ ఊరు చూసిన యాత్రికుడు ఎవ్లియా చెలెబి, ఒకప్పుడు 300 కార్ఖానాలుండేవి, ఇప్పుడు 9 మిగిలాయని రాశాడు. తర్వాత ఈ పనిని కుతాహ్యా నిలబెట్టింది. 2016లో చీని పని యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. తవ్వకాల కంచె పక్కన నిలబడి నేను మాత్రం ఆ ఎరుపు వేసినవాళ్ళ గురించే ఆలోచించాను. ఎన్ని పొరలు వేయాలో తెలిసిన చేతులు, కూలి గిట్టక పొరలు తగ్గించుకున్నాయేమో.

ఇక తినొచ్చా అన్న ప్రశ్న. నా పళ్ళెంలో తినకూడదు. పాత ఇజ్నిక్ గ్లేజులో సీసం ఉండేది, ఇప్పుడు కూడా అలంకరణకి చేసే చాలా పళ్ళేల గ్లేజులో ఉంటుంది. పులుపు తగిలితే అది కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. మన వంటల్లో పులుపు లేనిదేముంది? చింతపండు, నిమ్మకాయ, పెరుగు, ఆవకాయ. అందుకని అలంకరణకి అని రాసి ఉన్న పళ్ళెంలో కొబ్బరిముక్క కూడా పెట్టకండి, ఎంత అందంగా ఉన్నా సరే. తినడానికే కావాలంటే సీసం లేని గ్లేజు అనీ, ఆహారానికి వాడొచ్చనీ తయారుచేసినవాళ్ళు స్పష్టంగా చెప్పినవే కొనండి. పిల్లలున్న ఇళ్ళలో మరీ జాగ్రత్త.

హైదరాబాద్‌కి వచ్చేశాక పత్తర్‌గట్టిలో బాద్‌షాహీ అషూర్‌ఖానాకి, మొహర్రంలో పీర్లు నిలబెట్టే చోటుకి, వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల చీరలు, గాజులు కొంటున్నాను, ఒక్కసారి కూడా లోపలికి అడుగు పెట్టలేదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలం నాటిది. లోపలి పలకల పని 1611 నాటిది. అంటే ఇస్తాంబుల్‌లో బ్లూ మాస్క్ లేస్తున్నప్పుడే ఇక్కడ ఈ గోడ తయారైంది! కానీ పద్ధతి వేరు. ఇది ఇరాన్ దారి. ఇక్కడ కుంచె లేదు, తహ్రిర్ లేదు. ఒక్కో రంగు పలకని విడిగా కాల్చి, రేకు ఆకారంలో, ఆకు ఆకారంలో ముక్కలు కోసి, పక్కపక్కన అమర్చారు. ఇజ్నిక్ పూలలో కనిపించని పసుపు ఇక్కడ పసుపుకొమ్ము విరిచినట్టు మెరుస్తోంది. 1908 మూసీ వరదలో కింది భాగం దెబ్బతింది. అక్కడ తర్వాత రంగులతో పూరించారు. కన్ను పైకి వెళ్ళేకొద్దీ ఆ తేడా తెలుస్తుంది. ఆ గోడ ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు ఆ గోడ మీది తీగతో ఒక పళ్ళెం మొదలుపెట్టాను. కుతాహ్యానుంచి పెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చిన బిస్కువి పళ్ళేలు నాలుగున్నాయి. కాల్చడానికి ఇక్కడ ఒక కుమ్మరి స్టూడియోవాళ్ళు ఒప్పుకున్నారు, ఈసారి గ్లేజు సీసం లేనిది. ఆ గోడ మీది అలమ్‌ల, అంటే పీర్ల, ఆకారాలు తీసుకోను. అవి మొక్కే చోట ఉన్నవి, పళ్ళెంలో పెట్టేవి కావు. పూలు, ఆకులు మాత్రమే. గోడ మీద ఆ తీగకి మొదలు, చివర లేవు. దాన్ని పళ్ళెంలో ఎక్కడ పుట్టించాలో తేలక మూడు కాగితాలు చింపేశాను. నాలుగోదాంట్లో వేరుని మధ్యలో కాకుండా కింద ఎడమవైపుకి జరిపాను. కొమ్మ కుడివైపు అంచు దాకా వెళ్ళి అక్కడ వెనక్కి తిరుగుతోంది. తెనాలినుంచి మా పిన్ని కూతురు సన్నసూదులు పంపింది. నిన్న రాత్రికి ఎడమవైపు ఆకులకి సూదిపోట్లు అయిపోయాయి. పసుపు ఎన్ని పొరలు వేయాలో అడగడానికి రేపు హోజామ్‌కి వీడియో కాల్ చేయాలి.